పిల్లలకు ఇంట్లో సరళీ వరుసల సాధన

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు మన పిల్లలు చాలామంది బడిలో ఒడియా రాస్తారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. సరళీ వరుసలంటే కర్ణాటక సంగీతంలో మొదట నేర్చుకునే స్వర పాఠాలు. ఆ స్వరాలు ఏ లిపిలో రాసుకున్నా ఫరవాలేదు, ముందు నోటికి రావాలి. రోజుకు పావుగంట చాలు.

ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి, పై షడ్జం ('స') అరవకుండా, కింది షడ్జం మింగేయకుండా పాడగలిగే శ్రుతి (పాటకు ఆధారంగా పెట్టుకునే 'స' ఎత్తు) చూడండి. నాన్నగారి శ్రుతికి లాగితే కింది స్వరాలు వినపడవు. మొదట రెండు నిమిషాలు 'స' ఒక్కటే నిలపమనండి.

తర్వాత ఆది తాళం: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు (అరచెయ్యి పైకి తిప్పడం), మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం 8. పిల్లలు నాలుగో వేలు కూడా లెక్కపెట్టేస్తారు, అక్కడే తాళం తప్పుతుంది.

మొదటి వరుస ఒకటో కాలంలో (నెమ్మది నడకలో) ఆరోహణకు, అంటే స్వరాలు పైకి ఎక్కడానికి, ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు), అవరోహణకు, అంటే కిందికి దిగడానికి, ఇంకొకటి. రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) రెండూ ఒకే ఆవర్తనంలో పడాలి. చెయ్యి మాత్రం అదే నడకలో ఉండాలి. అసలు చిక్కంతా ఇక్కడే: నోటితోపాటు చెయ్యీ పరుగెడుతుంది. అప్పుడు తాళం మీరు వెయ్యండి, బిడ్డ పాడాలి. కుదిరాక తాళం తనకే అప్పగించండి.

ఈ వరుసలు పాడే రాగం మాయామాళవగౌళలో రిషభం ('రి') షడ్జానికి బాగా దగ్గర. పిల్లలు దాన్ని పైకి ఎత్తేస్తారు. 'స రి స' అని నెమ్మదిగా పదిసార్లు పాడించి, ఆ తర్వాతే 'గ'కు వెళ్లండి. జలుబు చేసిన రోజు తాళం ఒక్కటే వేయించండి.