సరిహద్దు దాటే రైళ్లకు ఉమ్మడి భద్రత: ఎక్కడ మొదలుపెట్టాలి

విమానాశ్రయంలోలా ప్రతి ప్రయాణికుడినీ తనిఖీ చేయడం చాలా రైల్వే స్టేషన్లలో కుదరదు. ద్వారాలు ఎక్కువ, రద్దీ ఎక్కువ. పైగా బయట పెరిగే క్యూయే దాడులకు కొత్త లక్ష్యమవుతుంది. కాబట్టి రెండు దేశాలూ స్కానర్ల కన్నా ముందు పద్ధతులు కలుపుకోవాలి.

వదిలేసిన బ్యాగు కనిపిస్తే బ్రిటిష్ రవాణా పోలీసులు వేసుకునే మూడు ప్రశ్నలను ఇరువైపులా సిబ్బందికి నేర్పండి: కావాలని దాచారా? వైర్లు, బ్యాటరీల్లాంటివి పైకే కనిపిస్తున్నాయా? ఆ చోట మామూలుగా ఉండే వస్తువేనా? అనుమానం తీరకపోతే ముట్టుకోవద్దు, 15 మీటర్లలోపు రేడియో, ఫోన్ వాడొద్దు.

అసలు చిక్కు అధికారం దగ్గర వస్తుంది. 2015 ఆగస్టు 21న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పారిస్ వెళ్తున్న థాలిస్ అనే హైస్పీడ్ రైల్లో సాయుధుడిని ప్రయాణికులే లొంగదీశారు. రైలును ఫ్రాన్స్‌లోని ఆరాస్ స్టేషన్‌కు మళ్లించారు. అలాంటప్పుడు రైలు ఏ స్టేషన్లో ఆగాలి, ఎవరు ఎక్కాలి, ఎవరి ఆదేశం చెల్లుతుంది అన్నవి ముందే రాసుకుని సంతకాలు చేయాలి.

కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. తీరా అవసరం పడితే రేడియోలు కలవవు, అనుమానితుడి పేరు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. సమాచార మార్పిడి ఒప్పందం చేసుకుని, రెండు భాషలూ వచ్చిన డ్యూటీ అధికారితో 24 గంటలూ పలికే ఒకే నంబరు పెట్టండి. నెలకోసారి అర్ధరాత్రి చెప్పకుండా ఫోన్ చేసి చూడండి.