వానాకాలంలో కుక్కకు ఈస్టు పొడి పెట్టే ముందు

పోయిన వారం మా విశాఖ ఎం.వి.పి. కాలనీలో మూడు నెలల లాబ్రడార్ పిల్ల పార్వో అనే వైరస్ జబ్బుతో చనిపోయింది. వాంతి అయిన రోజే ఇంట్లోవాళ్లు పెరుగన్నంలో, పేగుకు మంచిదని కుక్కలకు పెట్టే ఈస్టు పొడి కలిపి పెట్టారు. మర్నాడు విరేచనంలో నెత్తురు పడింది. "పొడి పెట్టాం కదా, రేపటికి తగ్గుతుంది" అనుకున్నారు. మూడో రోజు ఆసుపత్రికి మోసుకెళ్లేసరికి దానికి తల ఎత్తే ఓపిక లేదు. పొడిని నమ్మి రోజులు పోగొట్టుకున్న ఇళ్లలో నేను కళ్లారా చూసినది ఇది నాలుగోది.

పొడి చెడ్డదని నేను అనను. ఈస్టు కణం గోడలో ఉండే బీటా గ్లూకాన్లు రోగనిరోధక కణాలను చురుకు చేస్తాయి. అందులోని మన్నాన్లు కొన్ని చెడు బాక్టీరియాను తమకు అంటించుకుని, పేగుకు పట్టకుండా చూస్తాయి. ఈ పొడుల్లో సాక్రోమైసిస్ బౌలార్డీ అనేది బతికున్న ఈస్టు. బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ దాన్ని చంపదు, అందుకే ఆ మందులతో పాటు దీన్నీ డాక్టర్లు రాస్తుంటారు. బ్రూవర్స్ ఈస్టు చచ్చిన ఈస్టు, దానిలో బి విటమిన్లు ఉంటాయి. ఇవి పేగుకు ఆసరా మాత్రమే. పార్వో టీకాకు గానీ, సెలైనుకు గానీ బదులు కావు.

కొనేటప్పుడు డబ్బా మీద రాసినదంతా చదవండి. పేలు పోతాయని వెల్లుల్లి కలిపిన ఈస్టు బిళ్లలు అమ్ముతారు. వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, ఈస్టుతో పేలు పోవు. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే ఆ డబ్బా ముట్టుకోకండి.

పెట్టేటప్పుడు మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టి వారంలో పెంచండి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది. బతికున్న ఈస్టును పొగలు కక్కే అన్నంలో కలపకండి, వేడికి చస్తుంది. కుక్కకు ఫంగస్ మందు వాడుతున్నా ఈ బతికున్న ఈస్టు పనిచేయదు. స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు వాడే కుక్కకు డాక్టరును అడగకుండా పెట్టకండి, ఈస్టు రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది.

వంటింట్లో బ్రెడ్డుకు ఉంచిన ఈస్టు అసలే వద్దు. పులిసే పిండి ముద్ద తిన్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. కడుపులో గ్యాసు పొంగుతుంది, సారాయి తయారై రక్తంలో కలుస్తుంది.

మన సముద్రపు తేమకు గడ్డకట్టిన పొడి పారేయండి.

తడి చెంచా ముంచకండి.

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో తొలి టీకా, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి. అవి పూర్తికాకుండా బీచ్ రోడ్డుకు తీసుకెళ్లకండి. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

వాంతి, విరేచనం కలిసి వస్తే పొడి ఆపండి.

భుజాల మధ్య చర్మం పట్టి లాగి వదలండి. వెంటనే వెనక్కి పోకపోతే ఒంట్లో నీరు తగ్గింది.

నెత్తురు కనబడితే పొడి పెట్టి చూద్దామనుకోకండి. ఆ పూటే బయలుదేరండి.

చిగుళ్లు తెల్లబడినా అంతే.

రేపటిదాకా ఆగకండి. అర్ధరాత్రి తెరిచి ఉండే పశువైద్యుడి నంబరు ఈ రోజే కనుక్కుని ఫ్రిజ్ మీద అతికించండి.