చేప పేగుల్లోని బ్యాక్టీరియా, చేప జన్యువులు కలిపి స్టడీ చేయాలంటే

చాలామంది ముందు సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాల వరుస చదవడం) ఎక్కడ చేయించాలా అని వెతుకుతారు, అది తర్వాత చూసుకోవచ్చు, అసలు పనంతా ట్యాంకుల ప్లాన్ దగ్గరే ఉంది. ఒక ట్యాంకులో చేపలన్నీ అవే నీళ్లలో తిరుగుతాయి, అదే మేత తింటాయి, ఒకదాని మలం ఇంకోదాని నోట్లోకి పోతుంది, అందుకే వాటి పేగుల్లో బ్యాక్టీరియా చాలావరకు ఒకేలా తయారవుతాయి. ఒకే ట్యాంకులోంచి 30 చేపలు తీసి 30 శాంపిల్స్ అనుకోకండి, ట్రీట్‌మెంట్లు (మేతలాంటివి, మీరు మార్చి చూసేవి) పోల్చేటప్పుడు అది ఒక్కటే. ఒక్కో ట్రీట్‌మెంట్‌కి కనీసం 3 ట్యాంకులు పెట్టండి, ఎక్కువుంటే ఇంకా మంచిది.

జన్యువులు కూడా చూడాలంటే ఇంకో చిక్కుంది. ఒక్కో జంట పిల్లల్ని ఒక్కో ట్యాంకులో పెంచారనుకోండి, తర్వాత తేడా కనబడితే అది వంశం వల్లా ట్యాంకు వల్లా అన్నది ఏ స్టాటిస్టిక్స్‌తోనూ తేలదు. అన్ని కుటుంబాల పిల్లల్నీ వీలైనంత చిన్నప్పుడే, గుడ్ల దశలోనే కుదిరితే మరీ మంచిది, కలిపేసి ప్రతి ట్యాంకులోనూ వేయండి, ఏది ఎవరి పిల్లో తర్వాత రెక్క ముక్క తీసి ఎస్ఎన్‌పీ మార్కర్లతో (డీఎన్ఏలో చేపకీ చేపకీ మారే ఒక్కో అక్షరం గుర్తులు) పట్టుకోవచ్చు. దానికి తల్లిదండ్రుల రెక్క ముక్కలు ముందే 95 శాతం ఇథనాల్‌లో దాచాలి, మర్చిపోవద్దు. మగ చేపల్ని మరీ తక్కువ వాడొద్దు కూడా, 2 మగ, 50 ఆడ వాడితే జన్యుపరంగా అది 8 చేపలతో కూడా సమానం కాదు.

శాంపిల్ తీసేటప్పుడు మేత వేసిన ఎన్ని గంటలకి తీస్తున్నారో అన్ని ట్యాంకులకీ ఒకటే ఉండాలి. పేగులో ఉన్న మేత, పేగు గోడ జిగురు, రెండిట్లో బ్యాక్టీరియా వేరు, ఏది కావాలో ముందే తేల్చుకుని అదే తీయండి. నీళ్లయితే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి, బురద నీళ్లకి అది త్వరగా మూసుకుపోతుంది కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లు పోయాయో ప్రతిసారీ రాసుకోండి. బ్యాక్టీరియా శాంపిల్స్ వెంటనే గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టాలి. ఖాళీ కంట్రోల్స్ (శాంపిల్ ఏమీ వేయకుండా అదే పద్ధతిలో నడిపేవి) మాత్రం వదలొద్దు ప్లీజ్, మొప్పలు, చర్మం మీద బ్యాక్టీరియా తక్కువ కాబట్టి డీఎన్ఏ తీసే కిట్‌లోంచి వచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా చేప మీదదే అనిపిస్తుంది.

తర్వాత బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జీన్‌లో వీ3-వీ4 భాగం సీక్వెన్సింగ్ చేయించుకోవచ్చు. డేటా వచ్చాక క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా (కణాల్లోని భాగాలు, బ్యాక్టీరియా కావు) రీడ్స్, అంటే వాటి డీఎన్ఏ ముక్కలు, తీసేయండి, మేతలో మొక్కల పిండి ఉంటే అవి బాగా వస్తాయి. ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా కనబడింది కదా అని చేపకి జబ్బు అనుకోవద్దు, ఆరోగ్యంగా ఉన్న చేపలోనూ అది ఉంటుంది, పైగా 16ఎస్ చూసి బ్యాక్టీరియా బతికుందో చచ్చిందో చెప్పలేం. వచ్చేవి శాతాలే, మొత్తం ఎంతుందో కావాలంటే క్యూపీసీఆర్ (డీఎన్ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) విడిగా చేయాలి. లెక్కలు వేసేటప్పుడు మోడల్‌లో ట్యాంకుని, కుటుంబాన్ని రెండిట్నీ ర్యాండమ్ ఎఫెక్ట్‌గా (ఒకే గుంపులోని చేపలు ఒకదానికొకటి పోలి ఉంటాయని లెక్కలోకి తీసుకునేలా) పెట్టండి.