మెయిల్ వెనక్కొస్తే ముందు అంకె చూడండి

విశాఖ పోర్టు దగ్గరి ఓ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసు నుంచి పొద్దున్నే ఫోన్. "బాబూ, జీమెయిల్ ఉన్న పార్టీలెవరికీ మా మెయిల్ చేరట్లేదు. ఓడ వచ్చేసింది, కాగితాలు అందలేదని ఒకటే టెన్షన్." వెనక్కొచ్చిన మెయిల్ ఏదండీ అంటే, ఇంగ్లిష్‌లో ఏదో చెత్త వస్తే డిలీట్ చేసేశామన్నారు. అసలు సంగతంతా ఆ చెత్తలోనే ఉంటుంది!

అందులో మూడంకెల కోడ్ వెతకండి. 4తో మొదలైతే ఇబ్బంది తాత్కాలికం. మీ సర్వరే మామూలుగా నాలుగైదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, మీరు కంగారుపడి పదిసార్లు పంపకండి. 5తో మొదలైతే ఇక ప్రయత్నించదు. ఏదో ఒకటి సరిచేయాల్సిందే.

సమస్య: జీమెయిల్ నుంచి 550 5.7.26

కారణం: పంపింది మీరేనన్న రుజువు లేదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఎవరి దగ్గరైనా ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో మెయిల్ పంపే హక్కున్న సర్వర్ల జాబితా), డీకిమ్ (మెయిల్‌పై పడే డిజిటల్ సంతకం)లలో కనీసం ఒకటి అడుగుతోంది. జీమెయిల్ అడ్రస్‌లకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు రెండూ ఉండాలి, డీమార్క్ (ఈ పరీక్షలో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా. ఈ ఆఫీసువాళ్లు ఆమధ్య మెయిల్‌ను కొత్త కంపెనీకి మార్చారు. మార్చినతను పాత ఎస్‌పీఎఫ్ రికార్డు ఉంచేసి పక్కనే ఇంకోటి పెట్టాడు. ఒక డొమైన్‌కు (అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) ఒకటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. డీకిమ్ సంగతి ఎవరూ పట్టించుకోనే లేదు.

పరిష్కారం: డీఎన్ఎస్‌లో (మీ డొమైన్ రికార్డులుండే చోట) రెండింటినీ కలిపి ఒకే రికార్డుగా రాయండి. బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్నీ అందులో చేర్చండి, కానీ లుకప్‌లు (ఆ రికార్డును సరిచూడటానికి డీఎన్ఎస్‌ను అడగాల్సిన సార్లు) పది దాటకూడదు. డీకిమ్ ఆన్ చేయండి. కాస్త ఆగి మీ జీమెయిల్‌కే ఒకటి పంపుకుని ‘షో ఒరిజినల్’ నొక్కితే ‘పాస్’ అని కనిపించాలి.

సమస్య: 550 5.1.1

అడ్రస్ తప్పు. స్పెల్లింగ్ చూసుకోండి, అంతే.

సమస్య: 552 5.3.4

ఫైలు బరువెక్కింది. జీమెయిల్ నుంచి పంపడానికి మామూలు హద్దు 25 ఎంబీ. అయితే అటాచ్‌మెంట్ దారిలో సుమారు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి 20 ఎంబీ స్కాన్ కూడా ఆగిపోవచ్చు. డ్రైవ్ లింకు పంపండి.

సమస్య: వెబ్‌సైట్ ఫారం నింపితే ఆఫీసుకు మెయిల్ రాదు, వెనక్కీ రాదు

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. మెయిల్ వేరే చోటికి మారినా, పాత హోస్టింగ్ సర్వర్ (వెబ్‌సైట్ ఉండే చోటు) ఇంకా ఆ పెట్టె తన దగ్గరే ఉందనుకుని ఉత్తరాన్ని తనలోనే వేసుకుంటుంది. సీప్యానెల్‌లో (ఆ హోస్టింగ్ సెట్టింగులుండే పేజీ) ‘ఈమెయిల్ రూటింగ్’కు వెళ్లి ‘లోకల్’ తీసి ‘రిమోట్’ పెట్టండి. పాత పెట్టె ఓసారి తెరిచి చూడండి, నెలల తరబడి వచ్చిన ఎంక్వైరీలు అందులో పడి ఉండొచ్చు.