థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా మతిమరుపు తగ్గట్లేదా? డోసు పెంచే ముందు ఇవి చూడండి

సమస్య ఇలా ఉంటుంది. రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు, అయినా బుర్ర మొద్దుబారినట్టే ఉంటోంది. వంటగదిలోకి వెళ్లి, ఎందుకొచ్చానా అని నిలబడిపోతున్నారు. మోటారు వేసి మర్చిపోతే, ట్యాంకు పొంగి పక్కింటివాళ్లు కేకేస్తే గానీ గుర్తురావట్లేదు. తెలిసిన మనిషి ఎదురైతే పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. రిపోర్టు తీస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) ఇంకా పైనే ఉంటోంది.

విజయనగరంలో మందుల షాపు కౌంటర్లో నిలబడి పద్దెనిమిదేళ్లయింది. ఈ బాధతో వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. చేతిలో చీటీ ఉంటుంది, పాత 75 పవర్ పోయి 100 రాసుంటుంది. మందు ఎలా వేసుకుంటున్నారో మాత్రం ఎవరూ అడిగి ఉండరు. టీఎస్‌హెచ్ పెరిగిందంటే ఒంటికి థైరాయిడ్ హార్మోన్ చాలట్లేదని అర్థం. చాలకపోవడానికి డోసు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. నోట్లో వేసుకున్నది రక్తంలోకి చేరకపోయినా రిపోర్టు అలాగే వస్తుంది.

ముందు సీసాలో మాత్రలు లెక్కపెట్టండి

మతిమరుపు ఉన్న మనిషిని ‘రోజూ వేసుకుంటున్నారా’ అని అడిగితే ‘ఆఁ, వేసుకుంటున్నాను’ అనే చెబుతారు. అది అబద్ధం కాదు. నిన్న వేసుకున్నది ఇవాళ్టిదే అనిపిస్తుంది. అందుకే సీసా తెరిచిన రోజే లేబుల్ మీద పెన్నుతో తేదీ రాయండి. నెల తర్వాత పళ్లెంలో పోసి లెక్కపెట్టండి. 30 తగ్గాల్సిన చోట 22 తగ్గితే మీ జబ్బుకు కారణం అక్కడే దొరికింది. డోసు పెంచే మాట పక్కన పెట్టి, వారం రోజుల గదులున్న మాత్రల డబ్బా కొనుక్కోండి.

ఈ హార్మోన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. కాబట్టి ఒక్కరోజు మర్చిపోతే టెన్షన్ అక్కర్లేదు. వారానికి రెండు రోజులు ఎగ్గొడుతుంటే మాత్రం రిపోర్టులో తెలిసిపోతుంది.

టీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పరగడుపున, మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. టీ, కాఫీ, పాలు, చోడి అంబలి ఏదైనా ఆ తర్వాతే. ‘గ్లాసుడు టీయే కదా’ అంటారు. ఆ టీతోనే మాత్ర మింగితే ఒంటికి పట్టాల్సినంత పట్టదు.

అసలు దొంగ: ‘బలం మాత్ర’

ఇది మా ఇంట్లోనే జరిగింది. మందులు అమ్ముకునే నాకే పట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మా అమ్మ శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉంటుంది. ఏళ్ల తరబడి 50 పవర్ మీద బాగానే ఉండేది. ఒక వేసవిలో మోకాళ్ల నొప్పులని చూపిస్తే కాల్షియం రాశారు, రక్తం తక్కువుందని ఐరన్ కూడా ఇచ్చారు. దసరా నాటికి తేడా కనిపించింది. చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. మా పాపను మా అక్క పేరుతో పిలిచింది. వయసు కదా అని సరిపెట్టుకున్నాం. టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ 9. డోసు 75 అయింది. రెండు నెలలకు మళ్లీ చూస్తే పెద్దగా కదల్లేదు, 100 రాశారు. ఆ సీసా నా చేత్తోనే నా షాపులోంచి పంపించాను. ఫోన్లో అడిగాను కూడా, ఇంకేమైనా మందులు వేసుకుంటున్నావా అని. ‘ఏటీ లేదు బాబూ’ అంది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కళ్లారా చూశాను. తెల్లారుజామున అరచేతిలో మూడు మాత్రలు పోసుకుంది: చిన్న థైరాయిడ్ మాత్ర, సుద్దముక్కలాంటి పెద్ద కాల్షియం మాత్ర, ఎర్రటి ఐరన్ మాత్ర. మూడూ ఒకే గుక్కలో మింగేసింది. ఇదేంటమ్మా అంటే, ‘అదేటి మందా? బలం మాత్ర కదా. విడివిడిగా అయితే మర్చిపోతన్నానని అన్నీ ఒక్కసారే మింగేస్తన్నాను’ అంది.

కాల్షియం, ఐరన్ పేగులో ఈ హార్మోన్‌ని పట్టేసుకుంటాయి. అలా పట్టుబడింది రక్తంలోకి పోకుండా మలంతో బయటికి పోతుంది. హార్మోన్ తగ్గి మతిమరుపు వస్తుంది. మర్చిపోతామన్న భయంతో మాత్రలన్నీ కలిపి వేసుకుంటారు, దాంతో హార్మోన్ ఇంకా తగ్గుతుంది. మా అమ్మ ఎనిమిది నెలలు ఇందులోనే తిరిగింది.

అందుకే ఇప్పుడు నేను ‘ఇంకేం మందులు వాడుతున్నారు’ అని అడగను. ‘బలం మాత్రలు, రక్తం మాత్రలు, ఎముకల మాత్రలు, గ్యాస్ మందు, జుట్టు మాత్రలు ఏమున్నా చెప్పమ్మా’ అని ఒక్కోటీ పేరు పెట్టి అడుగుతాను. అప్పుడే సంచీలోంచి బయటికొస్తాయి. మల్టీవిటమిన్లోనూ ఐరన్, కాల్షియం ఉంటాయని మర్చిపోవద్దు.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. థైరాయిడ్ మాత్రకూ వీటికీ మధ్య 4 గంటలు ఉండాలి. మా అమ్మకు ఇలా పెట్టాం: థైరాయిడ్ సీసా మంచం పక్కన చెంబు దగ్గర, లేవగానే అదొక్కటే. కాల్షియం మధ్యాహ్నం భోజనం చేసే చోట. ఐరన్ రాత్రికి, ఎందుకంటే కాల్షియంతో కలిపితే ఐరన్ కూడా సరిగా ఒంటబట్టదు. మూడూ ఒకే డబ్బాలో ఉన్నంతకాలం ఎన్నిసార్లు చెప్పినా ఒకేసారి మింగేది. చోటు మార్చాకే అలవాటు మారింది.

నేను చేసిన రెండో తప్పు ఇక్కడే ఉంది. దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. మాత్రలు విడదీశాం గానీ ఆ సంగతి డాక్టరుకు చెప్పలేదు. అంతకుముందు 100 పవర్ మాత్ర వేసుకున్నా అందులో కొంతే ఒంటికి పట్టేది. ఇప్పుడు సరిగ్గా పట్టడం మొదలైంది, ఆవిడకు కావలసింది మాత్రం 50. నెల తిరక్కుండానే గుండెదడ, చేతుల వణుకు, రాత్రంతా నిద్ర లేదు. టీఎస్‌హెచ్ 0.1కి పడిపోయింది, అంటే హార్మోన్ ఎక్కువైపోయింది. వయసు మీదపడ్డవాళ్లకు ఇది గుండె లయ తప్పేదాకా తీసుకెళ్లగలదు. కాబట్టి మాత్రల వేళలు మార్చిన రోజే డాక్టరుకు చెప్పండి, 6 నుంచి 8 వారాలకు టెస్టు చేయించండి. మధ్యలో దడగా ఉంటే అంతవరకూ ఆగొద్దు. డోసు మీ అంతట మీరు తగ్గించొద్దు, పెంచొద్దు.

ఇద్దరికి ప్రత్యేకంగా చెప్పాలి. గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు. అవి మానొద్దు, థైరాయిడ్ మాత్రా మానొద్దు, వేళలు విడదీయండి చాలు. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. గర్భం వస్తే సాధారణంగా డోసు పెంచాల్సి వస్తుంది కాబట్టి తెలిసిన వెంటనే డాక్టరును కలవండి. ఇక పలాస, సోంపేట, కవిటి వైపు ఉద్దానం కిడ్నీ రోగులు. ఫాస్ఫరస్ తగ్గడానికి తిండితోపాటు వేసుకోమని ఇచ్చే మాత్రలు కూడా థైరాయిడ్ హార్మోన్‌ని ఇలాగే పట్టేస్తాయి. ఉదయం టిఫిన్‌తో అవి వేసుకునేవాళ్లకు 4 గంటల దూరం కుదరకపోతే, థైరాయిడ్ మాత్రను రాత్రి భోజనమైన 3 గంటల తర్వాతకు మార్చొచ్చేమో మీ డాక్టరునే అడగండి.

మిగతావి

పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర కడుపులో యాసిడ్ తగ్గించి హార్మోన్ ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. వేళ మార్చినా పెద్దగా లాభం ఉండదు, అది వాడుతున్నట్టు డాక్టరుకు తెలియాలి. గ్యాస్‌కు తాగే సిరప్‌కు మాత్రం 4 గంటల లెక్కే.

జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ కొన్ని ల్యాబుల్లో రిపోర్టునే తప్పుగా చూపిస్తుంది. టెస్టుకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి.

సీసా పొయ్యి పక్కన అలమరలో పెట్టొద్దు. వేడికీ తేమకీ మందు చెడుతుంది.

టీఎస్‌హెచ్ సరిగ్గానే ఉండి మతిమరుపు ఉంటే

రిపోర్టు బాగుపడిన వారానికే జ్ఞాపకశక్తి తిరిగి రాదు, కొందరికి కొన్ని నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే థైరాయిడ్ ఒక్కదాన్నే అనుమానించకుండా బి12 విటమిన్ కూడా చూపించుకోండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు, శాకాహారులు ముందు చూపించుకోవాలి. రక్తహీనత, నిద్రలేమి, దిగులు, నిద్రమాత్రలు, మత్తొచ్చే జలుబు మాత్రలు కూడా కారణాలే.

సొంత వీధిలో దారి తప్పడం, ఇంట్లోవాళ్లను పోల్చుకోలేకపోవడం వేరే జబ్బు. నరాల డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒళ్లు చల్లబడి మగతలోకి జారిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

టెస్టు రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. డాక్టరు దగ్గరికి చీటీ ఒక్కటే కాదు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచీలో వేసుకుని వెళ్లండి. బలం మాత్రలు కూడా.