చైన్ లేని డీజిల్ స్కూటరు: ముందు లెక్క, తర్వాతే వెల్డింగ్

ట్రాక్టర్ హైడ్రాలిక్స్ బాగుచేయడమే నా పని. చైన్ బదులు ఆయిల్‌తో నడిచే డీజిల్ స్కూటరు కడతామని వచ్చే కుర్రాళ్ల చేతికి ముందు కాగితం, పెన్ను ఇస్తాను. ఇందులో ఇంజను పంపును తిప్పుతుంది, పంపు తోసే ఆయిల్ వెనక చక్రంలోని హైడ్రాలిక్ మోటారును తిప్పుతుంది.

చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. పాత బజాజ్ చేతక్ టైరు, 3.50-10 సైజు, ఒక చుట్టుకు సుమారు 1.35 మీటర్లు పోతుంది. గంటకు 45 కిలోమీటర్లు కావాలంటే నిమిషానికి 555 చుట్లు. హబ్‌కి చుట్టుకు 40 సీసీ ఆయిల్ తీసుకునే మోటారు పెడితే నిమిషానికి 22 లీటర్ల ఆయిల్ కావాలి. నిమిషానికి 3000 చుట్ల ఇంజనుకు చుట్టుకు 8 సీసీ తోసే గేర్ పంపు తగిలిస్తే 24 లీటర్లు వస్తాయి. ఆ తేడా లోపలి లీకేజీకి పోతుంది. నిమిషానికి వచ్చే లీటర్లను ఆయిల్ ఒత్తిడితో (బార్‌లలో) గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు. 5 హార్స్‌పవర్ అంటే 3.7 కిలోవాట్లే, కాబట్టి ఫుల్ స్పీడులో 80 బార్ మించి ఆశించకండి. ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసే రిలీఫ్ వాల్వు తప్పనిసరి.

మోటారుకు ఆయిల్ వదిలే, ఆపే లివర్ వాల్వు విషయంలో మాత్రం నా మాట వినండి. నా మొదటి బండికి ట్రాక్టర్ వాల్వు వేశాను. అది న్యూట్రల్‌లో మోటారుకు వెళ్లే రెండు పోర్టులూ (ఆయిల్ దారులు) మూసేస్తుంది. పొలం గట్టు మీద లివర్ వదలగానే వెనక చక్రం బిగిసిపోయింది, మోచెయ్యి చీరుకుపోయింది. న్యూట్రల్‌లో పోర్టులు ట్యాంకుకి తెరుచుకునే మోటారు స్పూలే (వాల్వు లోపల జరిగే కడ్డీ) అడగండి. డ్రమ్ బ్రేకు తీయొద్దు.

ట్యాంకు చిన్నది, ఆయిల్ త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ఆయిల్ కూలర్ పెట్టండి. హైడ్రాలిక్ ఆయిల్ 46 గ్రేడు (చిక్కదనం అంకె). లీకు చేత్తో తడమొద్దు, సన్నని ధార చర్మంలోకి దిగిపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.