రిలాక్సర్ మానేశాక, సొంత జుట్టు పెరిగేదాకా స్ట్రెయిట్‌నర్ ఎలా వాడాలి?

రిలాక్సర్ (రింగుల జుట్టును శాశ్వతంగా సాఫు చేసే కెమికల్ క్రీము) మానేసి సొంత రింగుల జుట్టు పెంచుకునేవాళ్లకు మొదటి రెండు మూడు నెలలు పెద్ద ఇబ్బంది ఉండదు. అసలు టెన్షన్ ఆ తర్వాతే. కుదుళ్ల దగ్గర రింగులు, కింద జీవం లేకుండా వేలాడే సాఫు జుట్టు. జడ వేసినా, వదిలేసినా పైన ఒకలా కింద ఒకలా ఉంటుంది. జుట్టు నెలకు సుమారుగా 1 సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి భుజాలు దాటే కొత్త జుట్టు కావాలంటే రెండేళ్ల పైమాటే. అన్నాళ్లు ఓపిక పట్టలేక కొందరు మళ్లీ రిలాక్సర్‌కే వెళ్లిపోతారు. అంత అవసరం లేదు. అప్పుడప్పుడు స్ట్రెయిట్‌నర్ పెట్టి పై జుట్టును కింది జుట్టుతో కలుపుకోవచ్చు. కానీ చాలామంది పెట్టే తీరు చూస్తే బాధేస్తుంది. కెమికల్ నుంచి కాపాడుకున్న జుట్టును వేడికి బలి చేస్తున్నారు.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. వెంట్రుకకు గట్టిదనాన్ని, వంపును ఇచ్చే సల్ఫర్ బంధాలను రిలాక్సర్ తెంచేస్తుంది. అవి మళ్లీ రావు. స్ట్రెయిట్‌నర్ వేడి మాత్రం నీళ్లు తగలగానే మళ్లీ కుదురుకునే హైడ్రోజన్ బంధాలనే సడలిస్తుంది. తల తడపగానే రింగులు తిరిగొస్తాయి. అయితే ఇది వేడి హద్దులో ఉన్నంతవరకే. హద్దు దాటితే వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రొటీన్ దెబ్బతింటుంది, కొత్త జుట్టు కూడా సాఫుగానే ఉండిపోతుంది. అప్పుడు రిలాక్సర్ మానేసి లాభమేంటి?

కావలసినవి

డిగ్రీలు అంకెల్లో చూపించే సిరామిక్ ప్లేట్ల స్ట్రెయిట్‌నర్, వెడల్పు పళ్ల దువ్వెన, సన్న పళ్ల దువ్వెన, క్లిప్పులు, బ్లో డ్రయ్యర్, వేడి పెట్టే ముందు జుట్టుకు రక్షణగా పట్టించే హీట్ ప్రొటెక్టెంట్. టైటానియం ప్లేట్లవి ఈ పనికి వద్దు, అవి మరీ త్వరగా వేడెక్కుతాయి. లో, మీడియం, హై అని మాత్రమే ఉండే వాటిని అసలు ముట్టుకోకండి. పొయ్యి మీద కాల్చి వాడే ఇనప దువ్వెన గురించి కూడా కొందరు అడుగుతుంటారు. అది ఎంత వేడెక్కిందో ఎవరు చెప్పగలరు? వద్దు.

తలస్నానం, ఆరబెట్టడం

మురికిని, పాత క్రీముల పూతను పూర్తిగా వదిలించే క్లారిఫైయింగ్ షాంపూతో కడగండి. తర్వాత కండిషనర్ దండిగా పట్టించి, అది తల మీద ఉండగానే చిక్కు తీయండి. చిక్కు చివర్ల నుంచి పైకి తీయాలి. పాత జుట్టు, కొత్త జుట్టు కలిసే చోటికి వచ్చేసరికి దువ్వెన పక్కన పెట్టి వేళ్లతోనే విడదీయాలి.

హీట్ ప్రొటెక్టెంట్ పాయపాయకూ అందాలి. అది వేడి దెబ్బను తగ్గిస్తుందే తప్ప ఆపలేదు. నూనె రాసి స్ట్రెయిట్‌నర్ పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

ఆ తర్వాత బ్లో డ్రయ్యర్. మధ్యస్థం వేడిలో పాయను వేళ్లతో కాస్త బిగువుగా పట్టుకుని కుదుళ్లను ఆరబెట్టండి. పని సగం ఇక్కడే అయిపోవాలి. కుదుళ్లు ఎంత సాఫుగా ఆరితే తర్వాత అంత తక్కువ వేడి సరిపోతుంది. జుట్టు పూర్తిగా ఆరాలి. తడి మిగిలిన వెంట్రుకను ప్లేట్ల మధ్య నొక్కితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకను లోపలి నుంచే చీలుస్తుంది. ప్లేట్లు మూయగానే చుర్రుమన్న శబ్దం వస్తే వెంటనే తీసేయండి, ఇంకా ఆరలేదని అర్థం.

అతుకు దగ్గర

కొత్త జుట్టు, పాత జుట్టు కలిసే చోటును నేను అతుకు అంటాను. ఈ పనిలో కష్టమంతా అక్కడే. ఒక్క వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి కిందికి జార్చి చూడండి. పైన మెలికలు తగులుతాయి, ఒక చోట అవి ఆగిపోతాయి, అక్కడి నుంచి వేళ్లు సర్రున జారిపోతాయి. ఆ ఆగిన చోటే అతుకు. లాగినప్పుడు ఒత్తిడి అంతా అక్కడే పడుతుంది, తెగేదీ అక్కడే. పైగా రెండువైపులకూ కావలసిన వేడి ఒకటి కాదు. పైభాగం సాఫు కావడానికి వేడి కావాలి. కింది భాగం ఎప్పుడో సాఫయింది, దానికి అక్కర్లేదు. పై నుంచి కిందిదాకా ఒకే వేడితో లాగేవాళ్లు చేస్తున్న తప్పు ఇదే.

సన్న వెంట్రుకలకు 150 డిగ్రీల సెల్సియస్ చాలు. మామూలు జుట్టుకు 160తో మొదలుపెట్టండి. మందమైన, గట్టి జుట్టుకు 180 దాకా వెళ్లొచ్చు, అంతే. చాలా స్ట్రెయిట్‌నర్లలో 230 దాకా ఉంటుంది. ఉంది కదా అని పెట్టుకోకూడదు.

మెడ వెనక నుంచి మొదలుపెట్టాలి. పాయ 1 సెంటీమీటరు మందం మించకూడదు. మందం ఎక్కువైతే లోపలి వెంట్రుకలకు వేడి తగలక, మళ్లీ మళ్లీ లాగాల్సి వస్తుంది. సన్న పళ్ల దువ్వెన ముందు నడవాలి, దాని వెనకే స్ట్రెయిట్‌నర్ రావాలి. మాడుకు అర వేలెడు దూరంలో ప్లేట్లు మూసి, ఆపకుండా ఒకే వేగంతో జార్చండి. అతుకు దగ్గర ఆగకూడదు, గట్టిగా నొక్కకూడదు, మణికట్టు తిప్పకూడదు. అతుకు దాటి రెండు వేళ్ల దూరం వెళ్లాక పట్టు మెల్లగా వదిలి ప్లేట్లు తెరవండి. కింది జుట్టును అలా వదిలేయండి. చివర్లు మరీ పొంగి ఉంటే అంతా అయ్యాక వేడి 130కి తగ్గించి ఒక్కసారి పైపైన పోనివ్వండి.

కుదుళ్లు అద్దంలా రాలేదని రెండోసారి, మూడోసారి లాగకండి. రెండోసారి తప్పనిసరైతే కుదుళ్లకే, అతుకుకు పైనే ఆపాలి. అప్పటికీ పొంగితే తేడా ఆరబెట్టడంలో ఉంది.

మధ్యమధ్యలో దువ్వెన చూసుకోండి. రాలిన వెంట్రుక చివర తెల్లటి చిన్న బొడిపె ఉంటే అది మామూలుగా ఊడినదే. బొడిపె లేని పొట్టి ముక్కలు కనిపిస్తే అతుకు దగ్గర తెగుతోంది. పని అక్కడితో ఆపేయాలి, కొన్ని వారాలపాటు వేడి మాట ఎత్తకూడదు.

వేడి అసలు తగలనివ్వకూడదు అనేవాళ్లున్నారు. జుట్టు ఇప్పటికే తెగుతున్నవాళ్ల విషయంలో వాళ్ల మాట నిజం. మిగతావాళ్లు రోజూ రెండు రకాల జుట్టుతో కుస్తీపడి దువ్వుతుంటే అతుకు ఎలాగూ అరిగిపోతుంది. నెలకోసారి జాగ్రత్తగా సాఫు చేసి, ఆ తర్వాత చెయ్యి పెట్టకుండా ఉండటమే మేలని నా గట్టి నమ్మకం. వేడికి బదులు కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకోమనేవాళ్ల మాట మాత్రం వినకండి. అది మళ్లీ కెమికలే, పైగా వాటిలో కొన్ని వేడి తగిలితే ఫార్మల్‌డిహైడ్ అనే హానికరమైన వాయువు వదులుతాయి.

తర్వాత

రాత్రి శాటిన్ గుడ్డ చుట్టుకుని పడుకోండి. చెమటకో తేమకో కుదుళ్లు పొంగితే మళ్లీ స్ట్రెయిట్‌నర్ తీయకండి, ముడి వేసుకోండి. రెండు నెలలకోసారి చివర్లు కాస్త కత్తిరించుకుంటూ పోతే పాత జుట్టు దానంతటదే తగ్గిపోతుంది.

తర్వాతి తలస్నానంలో షాంపూ పెట్టకముందు కణతల దగ్గర, నడినెత్తిన, మెడ వెనక ఒక్కో పాయ తడిపి చూడండి. నీళ్లు తగలగానే మెలికలు తిరిగొస్తే మీ వేడి సరిపోయినట్టే. ఒక చోట రాక సాగినట్టు ఉండిపోతే ఆ భాగం కాలింది. ప్రొటీన్ మాస్కులు ఎన్ని పెట్టినా ఆ రింగులు రావు. అక్కడ వేడి పూర్తిగా మానేసి, ఆ భాగం కిందికి దిగాక పాత జుట్టుతోపాటే కత్తిరించేయాలి. మిగతా తలకు ఈసారి 10 డిగ్రీలు తగ్గించండి.